తమ్ముడి సాకెలో లోపాలు

కిందటేటికి మా అత్తయ్య కినూకి ఎనభై ఎనిమిదేళ్ళు. అప్పటిదాకా తన వాళ్ళ గురించి గానీ, తన చేతి పని గురించి గానీ బయటివాళ్ళ ముందు ఒక్క మంచి మాట అనగా నేను వినలేదు. మా కొట్లో చేపల కోసం క్యోతో నుంచి జనం రైలెక్కి వస్తారు. అన్నంలో ఊరబెట్టిన ఇలాంటి ఫునజుషి ఇంకెక్కడా దొరకదండీ అంటారు. అబ్బే, ఏదో ముసలమ్మ చేతి పులుపు, మీ నోటికి హితవుగా ఉంటుందో ఉండదో అంటుంది ఈవిడ. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు చూడవచ్చిన వాళ్ళందరితోనూ, మా కోడలు రిత్సుకోకి ఏమీ రాదండీ అని చెప్పింది. వారం రోజులు మొహం ముడుచుకుని తిరిగాను. తర్వాత మా అమ్మ నా గురించి అంతకన్నా ఘోరంగా చెబుతోందని తెలిసి ఊరుకున్నాను. మా వైపు మర్యాద అది. సొంత ఇంటిని పొగుడుకుంటే నలుగురూ నవ్వుతారు. ఆ మర్యాదే కిందటేడు మా కొంప ముంచబోయింది.

మా కొట్టుకి ఎగువన, మూడిళ్ళ అవతల అత్తయ్య పుట్టిల్లు. వాళ్ళది సాకెశాల, బియ్యం పులియబెట్టి మద్యం తీసే చోటు. తరతరాలుగా 'మిజుకగె' అనే సాకె తీస్తున్నారు. పాతకాలంలో సాకె తీసేచోట ఆడవాళ్ళు అడుగు పెట్టకూడదని కట్టుబాటు. అందుకని అత్తయ్య చిన్నప్పుడు పెరట్లో కూర్చుని సీసాలు కడిగేది గానీ లోపల పీపాలెలా ఉంటాయో చూసి ఎరగదు. ఇరవై రెండో ఏట మా ఇంటికి కోడలై వచ్చింది. దాంతో ఇంకో కట్టుబాటు పడింది. మా చేపల పులుపు మహా పెంకిది. బట్టలకి అంటుకుని వెళ్ళి సాకెకి సోకిందంటే పాలు విరిగినట్టు పీపా మొత్తం విరిగిపోతుంది. అంచేత ఈవిడ ఆ ఇంటి గడప తొక్కకూడదు, ఆ ఇంటివాళ్ళు మా గడప తొక్కకూడదు. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా వీధిలో నిలబడే దండం పెట్టుకుని వచ్చేసిందట.

అత్తయ్య తమ్ముడు తొకుజో బాబాయి ఆవిడకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. ఈ అరవై ఆరేళ్ళూ అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకున్నదంతా మా వాకిట్లో ఊటనీళ్ళ కాలువకి ఇటొకరూ అటొకరూ నిలబడే. ఆ కాలువ సాకెశాల పక్కనుంచి వచ్చి మా గుమ్మం ముందుగా పారి సరస్సులో కలుస్తుంది. ఏటా కొత్త సాకె రాగానే ఆయన ఒక సీసా తెచ్చి కాలువ మీది బండరాయిపై పెట్టి వెనక్కి జరిగేవాడు. ఈవిడ వెళ్ళి తీసుకునేది. మా చేప ముక్క మాత్రం ఆయన ఒక్కసారి కూడా నోట పెట్టలేదు. నేను కొత్తలో ఇదంతా చూసి, వీళ్ళకేమైనా పాత తగాదాలున్నాయా అని మా ఆయన్ని అడిగాను. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. పులుపు, అని ఒక్క మాట అని ఊరుకున్నాడు.

కిందటేడు మార్చిలో తొకుజో బాబాయి కాలువ దగ్గరికి వచ్చి, ఇదే ఆఖరు అన్నాడు. నడుం పడిపోయింది, పనివాళ్ళు దొరకడం లేదు, భార్య పోయి పన్నెండేళ్ళయింది, పిల్లలు లేరు. సాకె తీసే లైసెన్సు ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేశాడు. మిగిలిన మూడు వందల అరవై సీసాలు వదిలించుకోవడానికి జూలై ఆఖరు దాకా గడువు ఇచ్చారు. ఆలోపు లైసెన్సున్న వాళ్ళెవరూ తీసుకోకపోతే ఒక పెద్ద కంపెనీకి ఇచ్చెయ్యాలి. వాళ్ళు సీసాలన్నీ విప్పి, వేరే సాకెతో కలిపి ఒకే ట్యాంకులో పోసేస్తారు. మిజుకగె అన్న పేరే ఉండదు.

అత్తయ్య అంతా విని, చెయ్యి తుడుచుకుని లోపలికి వచ్చింది. చేపల్ని ఉప్పులో వేసే రోజులవి. రెండు చేపలకి పొలుసు తీసిందో లేదో, కత్తి పక్కన పెట్టేసింది.

"రిత్సుకో, సాకె అమ్మే లైసెన్సు మనం తీసుకుందాం. నా పేరు మీద."

ఈ వయసులో ఆ తలనొప్పి మీకెందుకు, కావాలంటే నా పేరు మీద పెడదాం అన్నాను.

"ఆ ఇంట్లో పుట్టానే. ఆ సాకె ఎవరి చేతికీ నేను ఇచ్చింది లేదు. ఒక్క సీసా అయినా నా చేత్తో అమ్మి అప్పుడు పోతాను" అంది.

నాకు కళ్ళు చెమర్చాయి. ఉల్లిపాయలు తరగడం లేదు కాబట్టి ఉప్పు మీద నెపం పెట్టాను.

దరఖాస్తు అంటే ఏదో ఒక కాగితం అనుకున్నాను. లైసెన్సిచ్చే పన్నుల ఆఫీసు వాళ్ళు ఏకంగా ఒక కట్ట ఇచ్చారు. కొట్టు పటం గీయాలి, సీసాలు పెట్టే చోటు కొలిచి చూపించాలి, ఆవిడ పుట్టినప్పటి నుంచీ ఏం చేసిందో రాయాలి, అమ్మకాల పాఠం విని వచ్చినట్టు కాగితం తేవాలి. ఆ పాఠం పక్కూళ్ళో మూడు గంటలు. క్లాసులో అందరికన్నా పెద్ద మా అత్తయ్యే. ఇరవయ్యేళ్ళు నిండని వాళ్ళు వచ్చి సాకె అడిగితే ఏం చేస్తారు అని మాస్టారు అడిగాడట. మా ఊళ్ళో ఆ వయసు వాళ్ళెవరైనా కనబడితే ముందు కూర్చోబెట్టి టీ ఇస్తాను బాబూ, చూసి ఎన్నాళ్ళయిందో అందట. మాస్టారు నవ్వి, కాగితం మీద ముద్ర వేసి ఇచ్చాడు.

మే నెలలో ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఉత్త చేతులతో ఎవరింటికీ వెళ్ళని మనిషి కదా, నేను వద్దంటున్నా వినకుండా ఒక ఫునజుషి డబ్బా గుడ్డలో మూటకట్టి పట్టుకొచ్చింది. లోపలికి అడుగుపెట్టామో లేదో దాని వాసనకి బల్లల దగ్గర తలలన్నీ ఒక్కసారి లేచాయి. మా ఫైలు చూసే అధికారి పేరు నివా, ముప్పై అయిదేళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి. ఉద్యోగంలో ఉన్నవాళ్ళం ఏదీ పుచ్చుకోకూడదు మామ్మగారూ, ఏమీ అనుకోకండి అని రెండు చేతులతో డబ్బా వెనక్కి జరిపాడు. బాగుండదనే నేనూ అనుకున్నాను లెండి అంది ఈవిడ. చేప రుచి గురించే అంది. అప్పుడే నా మనసు కీడు శంకించింది.

తర్వాత ఆయన అసలు సంగతికి వచ్చాడు. అమ్మే మనిషికి సాకె గురించి తగినంత తెలుసని ఆయన విచారించి ఫైల్లో రాయాలట. అది రాస్తే గానీ ఫైలు పై అధికారికి వెళ్ళదు.

"సాకె గురించి మీకు తెలిసింది చెప్పండి మామ్మగారూ."

"అబ్బే, నాకేం తెలుసు బాబూ."

"మీరు పుట్టింది సాకెశాలలోనే కదా?"

"పుట్టడం పుట్టాను గానీ, లోపల ఏముందో కూడా చూసి ఎరగను."

నివా పెన్ను పక్కన పెట్టాడు. పాపం, ఆయనకీ ఈ మర్యాదలు తెలియనివి కావు. మూడోసారి అడిగితే మెత్తబడుతుందని ఆశపడ్డట్టున్నాడు. ఏ సాకె ఎలా దాచాలి, ఏది ఏ తిండితో కుదురుతుంది, ఏదో ఒక్క ముక్క చెప్పండి చాలు అన్నాడు.

"ఏమీ తెలియని ముసల్దాన్ని బాబూ. తమరి దయ" అని బల్లకి నుదురు తగిలేలా వంగింది.

బల్ల కింద కాలితో పొడిచాను. నన్ను పొడిస్తే నీ మోకాలే నొప్పెడుతుంది అన్నట్టు చూసింది. నివా నిట్టూర్చి రాసుకున్నాడు. తలకిందులుగా ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాను. సాకె విషయాలేవీ తనకు తెలియవని దరఖాస్తుదారే స్వయంగా చెప్పారు, అని ఉంది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో నేను ఊరుకోలేదు. ఎప్పుడూ ఉండే మీ తగ్గింపు మాటలు ఇవాళ కూడా అవసరమా, అవతల బాబాయి సాకె గంగపాలవుతోంది, నాకంతా తెలుసు అని ఒక్కసారి అంటే మీ సొమ్మేం పోయింది అని దులిపేశాను. ఆవిడ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి సరస్సు కేసి చూస్తూ కూర్చుంది. మా పెట్టెలో మేమిద్దరమే మిగిలాం, వాసనకి అందరూ పక్క పెట్టెలోకి పోయారు.

"మా పుట్టింటి సాకె గొప్ప గురించి గవర్నమెంటు వాళ్ళ ముందు నా నోటితో నేనే చెప్పుకోనా? ఎలా చెప్పను రిత్సుకో. నోరు రాదే" అంది చివరికి.

ఆ గొంతు విని నా కోపం కాస్తా చప్పగా అయిపోయింది. మార్చుకోమంటే మారే వయసా అది. నా పేరు మీద మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదామంటే రెండు నెలల పైనే పడుతుంది, గడువు దాటిపోతుంది.

జూన్‌లో, ముసురు పట్టిన రోజు, సీసాలు పెట్టే చోటు చూడటానికి నివాగారు మా కొట్టుకి వచ్చారు. చేపల తొట్ల మీద బరువుకి పెట్టే గుండ్రాళ్ళు ఒక మూల పేర్చి ఉండేవి. వాటిని పెరట్లోకి మోయించి ఆ మూలకి రెండరల బల్ల చేయించాం. ఆయన టేపు పెట్టి కొలిచి, పటంతో సరిపోయిందని తల ఊపారు. సంగతేమిటో తెలుసుకుందామని తొకుజో బాబాయి కూడా వచ్చాడు. లోపలికి రాకుండా అలవాటు ప్రకారం కాలువ అవతలే, గొడుగు వేసుకుని నిలబడ్డాడు.

చోటు సంగతి సరే గానీ, ఆ ఒక్క మాట దగ్గరే ఫైలు ఆగిపోయింది మామ్మగారూ అన్నారు నివా. మీ నోటితో మీరు చెప్పింది నేను కొట్టెయ్యలేను, పోనీ ఇవాళైనా ఏదైనా చెబుతారా అని అడిగారు. ఈవిడ మళ్ళీ అదే పాట, నాకేం తెలుసు బాబూ అని. నివా ఫైలు మూసేశారు. నేను టీ తెచ్చి పెట్టాను. తాగేసి వెళ్ళిపోతారు, ఇక అంతే అనుకున్నాను.

టీ తాగుతూ, ఊరికే మర్యాదకి అన్నారో ఏమో, నివాగారు ఒక మాట అన్నారు.

"మా నాన్న మిజుకగె తప్ప ఇంకోటి ముట్టేవారు కాదు. లోపం లేని సాకె అనేవారు."

"లోపం లేకపోవడమేమిటి బాబూ" అంది అత్తయ్య.

సొంత ఇంటిని పొగిడితే కాదనకుండా ఉండలేదు కదా, అలవాటుగా వచ్చేసింది ఆ మాట. కానీ అక్కడితో ఆగలేదు.

"మా తమ్ముడు పని చేతికి తీసుకున్న మొదటేడే చూడండి. ఒకటే తొందర. బియ్యం కడిగిన నీళ్ళు ఈ కాలువలోనే వస్తాయి. తేటపడే దాకా కడగాలా, తెల్లగా ఉండగానే ఆపేశాడు. ఆ ఏడు సాకె నాలుక మీద దుమ్ములా ఉంది."

నివా కప్పు కింద పెట్టారు. చప్పుడు కాకుండా ఫైలు తెరిచారు. నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది.

నేనూ ఒక చెయ్యి వేశాను. అదేమిటత్తయ్యా, కొత్త మర తెచ్చాక పోటీలో బహుమతి కూడా వచ్చింది కదా అన్నాను.

"ఇచ్చినవాళ్ళకి ముక్కు లేదు. ఆ మరలో బియ్యం మరీ అరగదీశాడు. కాలువలో చేపలకి ఒక్క నూక దొరకలేదు ఆ ఏడు. సాకె తేటగానే ఉంది, లోపల మనిషే లేడు. మూడేళ్ళకి బుద్ధొచ్చి పాత పద్ధతికి వచ్చాడు. అలాంటి సాకె చల్లగా ఇస్తేనే నయం, వేడి చేస్తే నీళ్ళే. ఎండ తగిలే చోట పెడితే నెలకే రంగు తిరుగుతుంది."

ఇక చూడండి, గంటన్నర. నివాగారు అబ్బ, అంత మంచి సాకె అని ఊదడం, ఈవిడ కాదు కాదని విప్పడం. ఏ ఏడు వాన ఎక్కువై బియ్యం మెత్తబడిందో, ఏ ఏడు చలి సరిగా పడక సాకె తొందరపడిందో, ఏది మా చేపకి ఒప్పుతుందో, ఏది ఒప్పదో. సాకెశాల గడప తొక్కని మనిషికి అన్నీ తెలుసు. నీళ్ళు ఎంత తెల్లగా వచ్చాయి, ఏ పొద్దున వచ్చాయి, ఏ వాసనతో వచ్చాయి, అన్నీ. అరవై ఆరేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆవిడ కాలువ గట్టున కూర్చుని చేపలు కడుగుతుంటే నేను చేపలే చూస్తోందనుకున్నాను.

"పన్నెండేళ్ళ కిందట ఒక రోజు మధ్యాహ్నం దాకా నీళ్ళు రాలేదు" అంది. ఇప్పుడు గొంతు నెమ్మదించింది. "బియ్యం నానబోసి మర్చిపోయాడు. మరదలు ఆ తెల్లారగట్లే పోయింది. మెత్తబడ్డ ఆ బియ్యంతోనే తీశాడు. ఆ ఏడు సాకె ఏడుపుగా ఉంది బాబూ. అమ్మదగ్గది కాదు. ఎవరూ కొనకపోతే వాడు బాధపడతాడని మా అబ్బాయి చేత వేరే వాళ్ళ పేరు మీద పాతిక సీసాలు కొనిపించాను. మా వంటింట్లో ఇంకా రెండున్నాయి."

కాలువ అవతల గొడుగు కదిలింది. తొకుజో బాబాయి గొడుగు ముందుకి దించి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వీపంతా తడిసిపోతోంది ఆయనకి.

నివాగారు నాలుగు కాగితాలు నింపారు. చివరికి, మరి ఈ ఏడు తీసిన సాకెలో లోపమేమిటి మామ్మగారూ అని అడిగారు.

అత్తయ్య కాలువ అవతలికి చూసింది.

"ఈ ఏడు వాడొక్కడే కడిగాడు. నీళ్ళు కాసేపు రావడం, కాసేపు ఆగడం. ఆగినప్పుడల్లా నడుం పట్టుకున్నాడని నాకు తెలిసేది. అలా ఆగి ఆగి, తేటపడే దాకా కడిగాడు, ఒక్క రోజు కూడా వదల్లేదు" అంది. "ఈ ఏటి దాంట్లో లోపమంటే, తీసింది తక్కువ. అంతే."

ఆయన అదీ రాసుకున్నారు. పెన్ను మూసి, వంగి నమస్కారం పెట్టి, ఫైలు తడవకుండా కోటులో దాచుకుని వెళ్ళారు. కాలువ దాటాక బాబాయికి కూడా నమస్కారం పెట్టడం చూశాను.

జూలై రెండో వారంలో లైసెన్సు వచ్చింది. ఇంకా గడువుంది. మా ఆయన దాన్ని అద్దం కట్టించి మేకు కొట్టాడు, వంకరగా కొట్టాడు, నాలుగు చీవాట్లు తిని సరిచేశాడు.

ఆ మధ్యాహ్నమే తొకుజో బాబాయి తోపుడు బండి మీద మొదటి పెట్టె తెచ్చాడు. పెట్టె ఎత్తి కాలువ మీది బండరాయిపై పెట్టి, ఎప్పటిలా వెనక్కి జరిగాడు. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి చూసింది.

"లోపల పెట్టు."

"చేపల పులుపు..." అన్నాడాయన. ఎనభై ఏళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా కాళ్ళ కేసి చూసుకున్నాడు.

"ఇంక నీ దగ్గర విరగడానికి ఏముందిరా. రా."

ఆయన చెప్పులు విప్పాడు. మా కొట్లోకి చెప్పులతోనే వస్తారు ఎవరైనా, అయినా విప్పాడు. లోపలికి వచ్చి కప్పు, తొట్లు, బల్ల అన్నీ మెల్లగా చూశాడు. మూడిళ్ళ అవతల ఉన్న అక్క ఇల్లు అరవై ఆరేళ్ళకి చూస్తున్నాడు. అత్తయ్య ఒక చేపకి పల్చగా ముక్క కోసి, గుడ్లున్న చోట చూసి మరీ కోసి, చేతికిచ్చింది. ఆయన నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"ఉప్పెక్కువైంది అక్కా" అని ఇంకో ముక్క తీసుకున్నాడు.

సీసాలు సర్దడం పూర్తి కాకముందే క్యోతో నుంచి ఒకావిడ చేపల కోసం వచ్చింది. ఎవరో మాకు తెలియదు. ఫునజుషి డబ్బా తీసుకుని, వెళ్ళబోతూ మూలన కొత్త బల్ల కేసి చూసింది. ఒక సీసా చేతిలోకి తీసుకుని, ఈ సాకె ఎప్పుడూ వినలేదే, బాగుంటుందా అని అత్తయ్యనే అడిగింది.

ఈవిడ ఏమంటుందో నాకు తెలుసు. ఆ మాట విని సీసా పెట్టేసి పోతుంది ఆ మహాతల్లి. నేను అడ్డం పడదామని నోరు తెరిచాను గానీ, లైసెన్సు మీద ఉన్న పేరు నాది కాదు. తొకుజో బాబాయి ముక్కాలి పీట మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

అత్తయ్య ఆ సీసా అందుకుంది. ఏప్రాన్ అంచుతో తుడిచింది. పేరున్న కాగితం మీద వేలితో ఒకసారి నిమిరింది.

"బాగుంటుందమ్మా. చాలా బాగుంటుంది. మా తమ్ముడు తీశాడు" అని రెండు చేతులతో ఆవిడ చేతికిచ్చింది.

బాబాయి చటుక్కున లేచి నిలబడ్డాడు. మొహమంతా ఎర్రబడిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మర్యాద ఆయనకీ ఉంది కదా, "అబ్బే, అదేం లేదండీ, ఏదో..." అంటూ ఆవిడకి వంగి వంగి చెప్పబోయాడు.

"నువ్వు నోరు మూసుకో. లైసెన్సు నాది" అంది అత్తయ్య.